ఆయనా విమానాల ఇంజినీరే… నేనూ ఉద్యోగం మానేయనా?

హైదరాబాద్ శివార్ల నుంచి ఒక పాఠకుడు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 29. విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరు. లైసెన్సు చేతికొచ్చి ఐదేళ్ళయింది. నాలుగు రోజులు డ్యూటీ, రెండు రోజులు ఆఫ్. డ్యూటీ ఎక్కువగా రాత్రిళ్ళే. చేతికి 68 వేలు వస్తే అందులో 19 వేలు ఇంటి లోనుకు పోతాయి. కంపెనీ ఈమధ్యే ఒక రకం విమానం మీద ట్రైనింగ్ ఇప్పించి, వచ్చే జూన్ దాకా బాండు రాయించుకుంది. ఈలోగా మానేస్తే మూడు లక్షలు కట్టాలి. నోటీసు మూడు నెలలు. నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. వచ్చే మాఘంలో పెళ్ళి. అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది.

ఇంటర్ రోజుల నుంచీ ఈయనకు సినిమా అంటే ప్రాణం. మూడేళ్ళుగా ఒక స్క్రిప్టు రాస్తున్నారు. ఇప్పటికి 140 పేజీలైంది. కథ విమానాలు నిలిపి బాగుచేసే షెడ్డు (హ్యాంగర్)లో మొదలై, దుబాయ్ లేబర్ క్యాంపు మీదుగా కరీంనగర్ దగ్గరి ఒక ఊళ్ళో ముగుస్తుంది. ఆరు నెలల కిందట పాలస్తీనా దర్శకుడు హానీ అబూ అసద్ తీసిన ‘ఒమర్’ చూశారు. ఆయన గురించి వెతికితే, నజరేతులో పుట్టి, నెదర్లాండ్స్‌లో విమానాల ఇంజినీరింగ్ చదివి, రెండేళ్ళు ఉద్యోగం చేసి వదిలేసి దర్శకుడయ్యాడని తెలిసింది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదట. “ఆయన రెండేళ్ళకే తెగించాడు, నేను ఐదేళ్ళు వృథా చేశాను. ఆయనకు దేశమే లేదు, ఎవరి అండా లేదు, అయినా గోల్డెన్ గ్లోబ్ కొట్టాడు. నాకు భయమెందుకు?” అని రాశారు. రాజీనామా లెటరు టైపు చేసి ఫోన్లో పెట్టుకున్నారు. ఈ మాట ఇంట్లో ఎత్తితే నాన్నగారు “వాళ్ళ దేశం వేరు, వాళ్ళ బాధ వేరు, వాళ్ళతో నీకు పోలికేంటి?” అని అరిచి, పది రోజులుగా మాట్లాడటం లేదు. పెళ్ళికూతురికి ఇంకా చెప్పలేదు. “మానేయమంటారా, వద్దంటారా? ఒక్క మాటలో చెప్పండి” అని అడిగారు.

సమాధానం:

ఒక్క మాటలో చెప్పడం కుదరదండీ. మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వాటిలో ఒకటి అబూ అసద్ జీవితం గురించి మీరు వేసుకున్న లెక్క. ఆ లెక్కలో కొన్ని ఏళ్ళు తప్పిపోయాయి. రాజీనామా లెటరు దాని మీదే నిలబడి ఉంది కాబట్టి ముందు దాన్నే విప్పుదాం.

ఆయన 1961లో నజరేతులో పుట్టారు. 19 ఏళ్ళ వయసులో నెదర్లాండ్స్ వెళ్ళి హార్లెమ్‌లో చదువుకుని, కొంతకాలం విమానాల ఇంజినీరుగా పనిచేశారు. ఇక్కడిదాకా మీరు చదివింది నిజమే. తర్వాతి అడుగు మాత్రం మీరు అనుకున్నట్టు దర్శకత్వం వైపు పడలేదు. 1990లో గాజాకు చెందిన రషీద్ మషరావీ అనే దర్శకుడితో కలిసి ‘ఐలూల్ ఫిల్మ్’ అనే నిర్మాణ సంస్థ పెట్టారు. ఐలూల్ అంటే అరబీలో సెప్టెంబరు. మషరావీ షాతీ శరణార్థి శిబిరంలో పుట్టినవాడు, కథలు ఆయనవి. ఆ కథలు తెర మీదికి రావడానికి కావలసిన డబ్బు, మనుషులు, ఏర్పాట్లు చూసే పని అబూ అసద్ నెత్తికెత్తుకున్నారు. బ్రిటిష్ టెలివిజన్ చానళ్ళ కోసం గాజా మీద డాక్యుమెంటరీలు నిర్మించారు. మషరావీ మొదటి పెద్ద సినిమా ‘కర్ఫ్యూ’కు నిర్మాతగా నిలబడ్డారు. అది 1993లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవానికి వెళ్ళింది. అంటే ఉద్యోగం వదిలిన మనిషి మొదటి కొన్నేళ్ళు మోసింది ఎక్కువగా ఇంకొకరి సినిమాలనే.

సొంతంగా రాసి తీసిన మొదటిది ‘పేపర్ హౌస్’, 1992లో, 28 నిమిషాల చిన్న సినిమా. డచ్ టెలివిజన్ కోసం తీశారు. ఇల్లు కూల్చేయగా, పదమూడేళ్ళ కుర్రాడు తనే ఇల్లు కట్టుకోవాలని చూడటమే కథ. నిడివి ఉన్న మొదటి సినిమా ‘పద్నాలుగో కోడిపిల్ల’ 1998లో వచ్చింది. అది పాలస్తీనా కథ కూడా కాదు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పెళ్ళి చుట్టూ తిరిగే డచ్ సినిమా. స్క్రిప్టు వేరొకరిది. అప్పటికి ఆయనకు సుమారు 37 ఏళ్ళు. పేరు తెచ్చిన ‘రానాస్ వెడ్డింగ్’ 2002లో వచ్చింది. ‘పారడైజ్ నౌ’ 2005లో వచ్చింది, దానికి అమెరికా సినిమా అవార్డు గోల్డెన్ గ్లోబ్ 2006 జనవరిలో అందింది. అప్పటికి 44. నిర్మాణ సంస్థ పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే పదిహేనేళ్ళకు పైనే. మీ లెక్క ఇప్పుడు సరిచేసుకోండి. మీకు 29. ఆయన సంస్థ పెట్టిందీ సుమారు ఆ వయసులోనే. మీరు ఆలస్యం చేయలేదు. ఆ బెంగ తీసి పక్కన పెట్టండి, దానితో ఏ నిర్ణయమూ తీసుకోకండి.

“ఎవరి అండా లేదు” అన్నారు. ఇదీ కొంచెం తరచి చూడాల్సిన మాటే. తన ఊరిలోనే ఆయన ముందు ఒక దారి పడి ఉంది. నజరేతులో కార్ల మెకానిక్‌గా పనిచేసి, 1970లో బెల్జియం వెళ్ళి సినిమా, నాటకం చదువుకున్న మిషెల్ ఖ్లైఫీ 1987లోనే ‘వెడ్డింగ్ ఇన్ గలిలీ’తో కాన్‌లో విమర్శకుల బహుమతి అందుకున్నారు. ఖ్లైఫీ సినిమా చూసిన ప్రభావంతోనే అబూ అసద్ మనసు ఇటు మళ్ళింది. (మీ నాన్నగారు కూడా మెకానిక్కే కదా. ‘పారడైజ్ నౌ’లో ఇద్దరు కథానాయకులు సయీద్, ఖాలెద్ వెస్ట్ బ్యాంక్‌లోని నబ్లుస్ ఊళ్ళో ఒక షెడ్డులో కార్లు బాగుచేసే కుర్రాళ్ళు. ఎప్పుడైనా ఆయన పక్కన కూర్చుని చూడండి. మాట్లాడుకోవడానికి అది మంచి దారి.) ఇంకో అండ డబ్బుది. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ సినిమా నిధి ఉంది, కొత్తవాళ్ళకు పని ఇచ్చే ప్రభుత్వ టెలివిజన్ ఉంది. ‘నజరేతు 2000’ డాక్యుమెంటరీ డచ్ టెలివిజన్ డబ్బుతోనే తయారైంది. 2000లో బేరో బేయర్ అనే డచ్ నిర్మాతతో కలిసి ‘అగస్టస్ ఫిల్మ్’ పెట్టారు. ‘పారడైజ్ నౌ’ స్క్రిప్టు ఆయనతో కలిసి రాసిందే. ఆ సినిమాకు పాలస్తీనాతో పాటు నెదర్లాండ్స్, జర్మనీ, ఫ్రాన్స్ డబ్బు పెట్టాయి. ఒక్కడే తెగించి గెలిచిన కథ కాదిది. ఒక్కో మెట్టు మీదా ఒక జోడీదారు ఉన్నాడు. మొదట మషరావీ, తర్వాత బేయర్, ‘ఒమర్’కు వచ్చేసరికి పాలస్తీనా మూలాలున్న అమెరికన్ నటుడు వలీద్ జుఐతర్ నిర్మాతగా. మీ ఉత్తరం నాలుగు పేజీల్లో అలాంటి మనిషి ఒక్కరూ కనిపించలేదు. మీ పరిస్థితిలో అన్నిటికన్నా పెద్ద లోటు అదేననిపిస్తోంది.

మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. వాళ్ళ బాధ వేరు. నజరేతు పాలస్తీనీయులకు ఇజ్రాయెల్ పౌరసత్వం ఉంటుంది, గాజా, వెస్ట్ బ్యాంక్ వాళ్ళకు ఉండదు. ఒకే జాతిలో పుట్టిన ఇద్దరు దర్శకుల్లో ఒకరు దాటగలిగిన చెక్‌పోస్టు ఇంకొకరు దాటలేరు. ‘పారడైజ్ నౌ’ను నబ్లుస్‌లో తీస్తున్నప్పుడు ఊళ్ళో కాల్పులు, క్షిపణి దాడులు జరుగుతూనే ఉన్నాయి. సినిమా మీద అనుమానం పెట్టుకున్న ఒక సాయుధ వర్గం లొకేషన్ మేనేజరును ఎత్తుకుపోతే, అప్పటి పాలస్తీనా నేత యాసర్ అరాఫత్ కార్యాలయం జోక్యంతో విడుదలయ్యాడు. విదేశీ సాంకేతిక నిపుణుల్లో ఆరుగురు పని వదిలి వెళ్ళిపోయారు. చివరికి యూనిట్ మిగతా భాగానికి నజరేతు వెళ్ళాల్సి వచ్చింది. ఆస్కార్ నామినేషన్ వచ్చాక దేశం పేరు ఏమని రాయాలన్నదే తగాదా అయి, ‘పాలస్తీనా’ అన్నది ‘పాలస్తీనా భూభాగాలు’గా మారింది. ఎనిమిదేళ్ళ తర్వాత ‘ఒమర్’కు మాత్రం ‘పాలస్తీనా’ అనే పడింది. వీటిలో ఏ ఒక్కటీ మీ దారిలో లేదు. కాబట్టి ఆయన తెగువను మీ రాజీనామాతో సమానం చేయకండి, అది ఆయనకు న్యాయం కాదు. కానీ ఆ మనిషి పని చేసిన పద్ధతి వేరు, అది మీకు పనికొస్తుంది. మీ నాన్నగారు చూడని సగం అదే.

ఆ పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ 140 పేజీల స్క్రిప్టుకు మందు అందులోనే ఉంది.

‘కర్ఫ్యూ’ చూడండి. గాజా శిబిరంలో ఒక కుటుంబం జర్మనీలో ఉన్న కొడుకు రాసిన ఉత్తరం చదువుకోవడానికి కూర్చుంటుంది. ఇంతలో మైకులో కర్ఫ్యూ ప్రకటిస్తారు. ఇక సినిమా చాలా వరకు ఆ ఇంటి గోడల మధ్యే. బయట జీపుల చప్పుడు, లోపల మనుషులు. వీధులు మూసేసిన చోట కథను ఇంట్లో పెట్టారు. ‘రానాస్ వెడ్డింగ్’లో సాయంత్రం నాలుగింటిలోగా పెళ్ళి చేసుకోవాలి, లేదంటే తండ్రితో ఈజిప్టు వెళ్ళిపోవాలి. రానా చేతిలో తండ్రి ఇచ్చిన పెళ్ళికొడుకుల జాబితా ఉంది. ఆమెకు కావలసిన ఖలీల్ మాత్రం రమల్లాలో చిక్కుకుపోయి ఉన్నాడు. పొద్దుటి నుంచి నాలుగింటి దాకా, జెరూసలేం–రమల్లా మధ్య రోడ్లు, చెక్‌పోస్టులు. చివరికి పెళ్ళి జరిపించాల్సిన మనిషి కూడా చెక్‌పోస్టు దాటలేకపోతే పెళ్ళి అక్కడే, రోడ్డు మీదే అవుతుంది. ఆ రోడ్డడ్డం లేకపోతే ఆ కథే లేదు. అబూ అసద్ డాక్యుమెంటరీ ‘ఫోర్డ్ ట్రాన్సిట్’లో అయితే ఒక వ్యాను, ఒక డ్రైవరు, ఎక్కి దిగే ప్రయాణికులు. అంతే. (ఆ డాక్యుమెంటరీలో కొన్ని సన్నివేశాలు నటించి తీసినవని బయటపడ్డాక గట్టి విమర్శలొచ్చాయి. నిజానికీ కల్పనకూ మధ్య గీత ఎక్కడ గీస్తున్నారో ముందే ప్రేక్షకుడికి తెలియాలి. మీరు ఎప్పుడైనా డాక్యుమెంటరీ తలపెడితే ఇది గుర్తుంచుకోండి.)

ఇప్పుడు మీ స్క్రిప్టు. పేజీకి ఒక నిమిషం లెక్కన రెండు గంటల ఇరవై నిమిషాలు. చిన్న యూనిట్ రోజుకు నాలుగు పేజీలు తీస్తే గొప్ప. అంటే 35 రోజుల షూటింగ్, అందులో దుబాయ్ ఉంది, ఎయిర్‌పోర్టు ఉంది. మీరు అక్కడ పనిచేస్తారు కాబట్టి హ్యాంగర్‌లో తీయడం తేలికనుకుంటున్నారు. సరిగ్గా అక్కడే ఇరుక్కుంటారు. మీకున్న పాసు పని కోసం ఇచ్చినది. విమానాశ్రయం లోపలి భాగంలో కెమెరా పెట్టాలంటే విమానాశ్రయ నిర్వాహకులు, భద్రతా విభాగాలు, మీ సంస్థ అన్నీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా అద్దె, కాపలా, బీమా మీ చేయి దాటిపోతాయి. దొంగచాటుగా ఫోన్‌తో ఒక్క షాటు తీసినా పాసు పోతుంది, ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా కావచ్చు. దయచేసి ఆ పని చేయకండి. మొదటి సినిమాకు ఈ స్క్రిప్టు వద్దు. బీరువాలో పెట్టండి. చింపేయమనడం లేదు, పదేళ్ళ తర్వాత పనికొస్తుంది.

దాని బదులు మీకు రోజూ తెలిసిన ఒక చోటు, ఒక రాత్రి తీసుకోండి. ఉదాహరణకు మీ ఉత్తరంలో మీరే ఒక వాక్యం యథాలాపంగా రాశారు: “తెల్లవారుజామున షిఫ్ట్ బస్సులో ఎవరూ మాట్లాడరు, అందరి చేతులకూ గ్రీజు వాసన.” 140 పేజీల గురించి మీరు రాసిన మూడు పేరాల కన్నా ఈ ఒక్క వాక్యంలో సినిమా ఎక్కువుంది. ఒక మినీ బస్సును కొన్ని రాత్రులు అద్దెకు తీసుకోవచ్చు. ఎయిర్‌పోర్టులో అడుగు పెట్టనక్కర్లేదు. ఆరుగురు నటులు, పదిహేను నుంచి ఇరవై పేజీలు, నాలుగైదు రోజుల షూటింగ్. బస్సులో తీసేటప్పుడు దెబ్బతీసేది రెండు: ఒకటి శబ్దం. ఇంజను మోతలో మాటలు పోతాయి, అందుకని నడిచే బస్సులో ఉన్న మాటలు తగ్గించి, ఆగిన బస్సులో ఉన్నవి పెంచి రాసుకోండి. రెండోది తెల్లవారు వెలుగు. అది అరగంటే ఉంటుంది, ఒక రోజులో అయిపోదు. ఒకే సన్నివేశాన్ని మూడు తెల్లవారుజాముల్లో తీసేలా ప్లాను వేసుకోవాలి, అందుకు తగ్గట్టు బట్టలు, కూర్చున్న సీట్లు రాసి పెట్టుకోవడానికి కంటిన్యుటీ చూసే మనిషి ఒకరు కచ్చితంగా ఉండాలి. ఆ ఒక్కరి జీతం మిగుల్చుకుందామనుకుని చాలామంది ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఏడుస్తారు. మొత్తం ఖర్చు మీ మూడు నెలల జీతం దాటనివ్వకండి, అప్పు మాత్రం చేయకండి.

ఇక ఉద్యోగం సంగతి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఏది ఎంచుకుంటే ఏమవుతుందో చెబుతాను, ఎంచుకోవలసింది మీరే.

ఫోన్లో ఉన్న లెటరు ఈ నెలే పంపడం ఒకటి. నోటీసు మూడు నెలలు పోగా పెళ్ళి నాటికి మీరు ఉద్యోగం లేని పెళ్ళికొడుకు. బాండు మూడు లక్షలు చేతి నుంచి పోతాయి. అవి మీ మొదటి చిన్న సినిమా డబ్బులు, దాని మీద ఇంకా కొంత. కృష్ణానగర్ వెళ్ళి డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేరితే మొదటి సినిమాకు చాలాచోట్ల బత్తా తప్ప జీతం ఉండదు. సినిమా మధ్యలో ఆగిపోతే అదీ ఉండదు. లోను మాత్రం ఆగదు. ఇందులో లాభం లేకపోలేదు: పొద్దున్నుంచి రాత్రి దాకా సెట్లో ఉంటారు, ఏడాదిలో పని నేర్చుకుంటారు, మనుషులు తెలుస్తారు. కానీ రెండు నెలల తర్వాత భయం పట్టుకుంటే వెనక్కి రావడానికి దారి ఇరుకైపోతుంది.

ఆ దారి ఎంత వెడల్పుందో మీకు తెలియాలి. మీ లైసెన్సుతో విమానాన్ని సర్టిఫై చేయాలంటే, అంటే ఎగరడానికి సరిగ్గా ఉందని సంతకం పెట్టాలంటే, వెనక్కి లెక్కిస్తే రెండేళ్ళలో కనీసం ఆరు నెలల మెయింటెనెన్స్ అనుభవం చూపాలన్న నియమం మీకు తెలిసే ఉంటుంది, కానీ ఉత్తరంలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈరోజు దాకా ఆపకుండా పనిచేసినవారికి, మానేసిన రోజు నుంచి పద్దెనిమిది నెలల దాకా ఆ షరతు నిలుస్తుంది. ఆ తర్వాత తగ్గిపోతుంది, మళ్ళీ అనుభవం కూడబెట్టుకోవాలి. అంటే ఎప్పుడు మానేసినా మీకు పద్దెనిమిది నెలల గడువు ఉంటుంది. అయినా మీ క్వాలిటీ విభాగంలో ఒకసారి మీ పేరు మీద కచ్చితంగా కనుక్కోండి, మీ లాగ్‌బుక్ నకలు సంతకాలతో సహా ఇప్పుడే ఇంట్లో పెట్టుకోండి. ఉద్యోగం వదిలాక ఆ సంతకాలకు తిరగడం నరకం.

రెండో దారి జూన్ దాకా ఆగడం. నాలుగు రోజుల డ్యూటీకి రెండు రోజుల ఆఫ్ అంటే నెలకు పది రోజులు మీవి. మామూలు ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్ళకు దొరకని వరం ఇది. అందులో నాలుగు నిద్రకు, ఇంటికి పోయినా ఆరు మిగులుతాయి. ఈ నెలల్లో రెండు పనులు చేయవచ్చు. బస్సు కథ తీయడం ఒకటి. దానికన్నా ముందు, ఇంకొకరి చిన్న సినిమాకు ప్రొడక్షన్ చూడటం రెండోది. అబూ అసద్ మషరావీకి చేసిన పని ఇదే. కాల్ షీట్ రాయడం, బండ్లు, భోజనాలు, జనరేటరు, పోలీసు అనుమతి, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరికి ఎంత ఇచ్చాం. మీరు రోజూ చెక్‌లిస్టు పట్టుకుని, ప్రతి పనికీ సంతకం పెట్టి, పోయిన పనిముట్టు ఒక్కటి దొరక్కపోయినా విమానం కదలనివ్వని మనిషి. చిన్న సినిమాల సెట్లలో కరువైన గుణం అదే. డైరెక్టర్ కావాలనుకునే వందమంది మధ్య, లెక్క తప్పని ప్రొడక్షన్ మనిషిని ఎవరూ వదులుకోరు. మీ మషరావీ ఆ సెట్లోనే దొరకవచ్చు. ఈ దారిలో నష్టం ఏంటంటే అలసట. రాత్రి షిఫ్టు దిగి నేరుగా షూటింగ్‌కు వెళ్ళకండి. నిద్రలేని కళ్ళతో విమానానికి సంతకం పెట్టడం మీ ఒక్కరి ప్రాణంతో పోయే విషయం కాదు. ఆ నెలలో షూటింగ్ పడితే సెలవు పెట్టండి, అంతే.

మూడోది రెండింటి మధ్యది. బాండు తీరాక పర్మనెంట్ ఉద్యోగం వదిలి, విమానాల పెద్ద తనిఖీల సీజన్లో కాంట్రాక్టు మీద పనిచేయడం. ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఆ పని దొరికితే లైసెన్సు షరతు నిలుస్తుంది, లోను కట్టవచ్చు, మిగతా నెలలు సినిమాకు ఇవ్వవచ్చు. పీఎఫ్, ఇన్సూరెన్సు పోతాయి, కాంట్రాక్టు ఎప్పుడు పిలుస్తారో తెలియదు, సరిగ్గా షూటింగ్ రోజుల్లోనే పిలుపు రావచ్చు. పెళ్ళయిన కొత్తలో ఇది ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది. అయినా దీర్ఘకాలం నిలబడే ఏర్పాటు ఇదేననిపిస్తుంది. ఎందుకంటే సినిమా జీవితంలో ఖాళీ ఏళ్ళు తప్పవు.

ఆ ఖాళీ ఏళ్ళ గురించి కూడా చెప్పాలి. “ఒక్క సినిమా ఆడితే చాలు” అని రాశారు. గోల్డెన్ గ్లోబ్ తర్వాత అబూ అసద్‌కు దారి తెరుచుకుని ఉండాలి కదా? అమెరికా వెళ్ళారు. అక్కడ తీసిన ‘ది కొరియర్’ 2012లో థియేటర్ల దాకా కూడా సరిగ్గా రాకుండా డీవీడీలకు వెళ్ళిపోయింది. మళ్ళీ నిలబెట్టిన ‘ఒమర్’ 2013లో వచ్చింది. ‘పారడైజ్ నౌ’కూ దానికీ మధ్య ఎనిమిదేళ్ళు. ‘ఒమర్’ను సుమారు 20 లక్షల డాలర్లలో తీశారు, అందులో 95 శాతం దాకా పాలస్తీనీయుల డబ్బే. అంతకుముందు యూరప్ నిధుల మీద నడిచిన మనిషి ఈసారి సొంతవాళ్ళ దగ్గరకే వెళ్ళారు. అది కాన్‌లో ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగంలో జ్యూరీ బహుమతి అందుకుంది, ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. 2015లో గాజా గాయకుడు మహమ్మద్ అస్సాఫ్ మీద ‘ది ఐడల్’ తీశారు. 2017లో కేట్ విన్‌స్లెట్, ఇడ్రిస్ ఎల్బా నటించిన హాలీవుడ్ చిత్రం ‘ది మౌంటెన్ బిట్వీన్ అస్’, దాని తర్వాత 2021లో బేత్లెహేము నేపథ్యంలో, ఎక్కువ భాగం రెండు గదుల మధ్య నడిచే ‘హుదాస్ సెలూన్’. పెద్ద సినిమా తర్వాత మళ్ళీ చిన్న గదికి రావడం ఆయనకు చిన్నతనంగా అనిపించలేదు. మీరు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఉద్యోగం ఎప్పుడు వదిలారన్న తేదీ కన్నా ఇది ఎక్కువ.

పోలిక కోసమే అయితే అదే నజరేతు నుంచి వచ్చిన ఎలియా సులేమాన్‌ను కూడా చూడండి. 1960లో పుట్టి, 1996 నుంచి 2019 దాకా ఆయన తీసిన నిడివి చిత్రాలు ప్రధానంగా నాలుగు. ఎవరి వేగం వారిది.

మీరు జవాబు చెప్పుకోవలసిన ముగ్గురి సంగతి చివరికి మిగిలింది: నాన్నగారు, కాబోయే భార్య, బ్యాంకు. బ్యాంకుకు భావాలు లేవు కాబట్టి తేలిక. ఏ దారి పట్టినా ముందు పన్నెండు నెలల ఈఎంఐలు, అంటే రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలు, విడిగా ఒక డిపాజిట్లో పెట్టాకే అడుగు వేయండి. నాన్నగారికి సినిమా అనే మాట కన్నా లెక్క చూపిస్తే నమ్మకం కుదురుతుంది. ఆయన జీవితమంతా డిపోలో బండి బయటికి వెళ్ళే ముందు తనిఖీ చేసినవాడు. బాండు తేదీ, లైసెన్సు గడువు, డిపాజిట్, చిన్న సినిమా ఖర్చు ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఒప్పుకుంటారని చెప్పలేను. మాట్లాడటం మాత్రం మొదలుపెడతారు.

అమ్మాయికి చెప్పకుండా ఉండటం మాత్రం తప్పండీ. ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను. స్థిరమైన జీతం, లోను, రాత్రి షిఫ్టులు చూసి ఒప్పుకున్న సంబంధం అది. జూన్ తర్వాత మీరు కాంట్రాక్టు పనిలోకి వెళితే ఆమె జీతం మీద ఇల్లు నడిచే నెలలుంటాయి. అది పెళ్ళికి ముందు తెలిస్తే ఆమె ఆలోచించుకుని చెప్పే మాట, పెళ్ళి తర్వాత తెలిస్తే మోసం. ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. “సినిమా నా కల” లాంటి మాటలతో మొదలుపెట్టకండి. నాన్నగారికి రాసిన ఆ కాగితమే తీసి చూపించండి, ఆమె బ్యాంకు మనిషి కదా, మీరు వదిలేసిన అంకె ఏదైనా ఉంటే ఆమే పట్టుకుంటుంది. ఆ మాటలు అయ్యేదాకా రాజీనామా లెటరు ఫోన్లోనే ఉండనివ్వండి. ఈలోగా వచ్చే ఆఫ్ రోజుల్లో షిఫ్ట్ బస్సు మీద మొదటి మూడు పేజీలు రాసి చూడండి.